చిన్న బడ్జెట్, చిన్న కారు: ‘వద్దు’ అనగలిగినవాడిదే బేరం

కాజీపేట, హనుమకొండ, వరంగల్ కలిసిపోయిన మన ఊళ్లో చాలా కుటుంబాలకు ఏళ్ల తరబడి స్కూటరే సరిపోతుంది. పిల్లలు ఎదిగి ముందూ వెనకా కూర్చోబెట్టుకోవడం కుదరనప్పుడు, అమ్మనో నాన్ననో నెలనెలా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చినప్పుడు, వానలో తడుస్తూ పెళ్లికి చేరినప్పుడు ఇంట్లో కారు మాట మొదలవుతుంది. కొత్త కారుకు డబ్బు చాలదు. చేతిలో ఉన్నది రెండు లక్షలో, రెండున్నర లక్షలో. అది చిట్టీ ఎత్తిన డబ్బు కావచ్చు, ఏనుమాముల మార్కెట్లో పత్తి అమ్మగా వచ్చింది కావచ్చు, పీఎఫ్ నుంచి తీసింది కావచ్చు. ఎలా వచ్చినా అది కష్టార్జితం. ఈ అధ్యాయం ఆ డబ్బును కాపాడటం కోసం.

డబ్బు దండిగా ఉన్నవాడు తప్పుడు బండి కొంటే ఆర్నెల్లలో అమ్మేసి ఇంకొకటి కొంటాడు. మనకు ఆ వెసులుబాటు లేదు. కానీ అమ్మేవాడికి లేని బలం ఒకటి మనకుంది. అతనికి అమ్మడానికి ఉన్నది ఆ ఒక్క బండే, మనకు ఊరంతా బళ్లే. నచ్చకపోతే ‘వద్దు’ అని లేచి రాగలం. సెకండ్ హ్యాండ్ కారు కొనడంలో ఇంజన్ గురించి తెలియడం కన్నా ఇదే పెద్ద విద్య. ఇంజన్ సంగతి మెకానిక్ చెబుతాడు. ‘వద్దు’ మాత్రం మీరే చెప్పాలి. ఎక్కడెక్కడ చెప్పాలో ముందే తెలిస్తే ఆ మాట నోటికి తేలిగ్గా వస్తుంది.

మొదట అవసరం రాసుకోండి

బండ్లు చూడటం మొదలుపెట్టక ముందే ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాం? ఎంతమంది ఎక్కుతాం? హైదరాబాద్‌కో, సొంతూరికో ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్తాం? రాత్రి బండి ఎక్కడ నిలబెడతాం?

కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా వెళ్లినా పది పన్నెండు కిలోమీటర్లే. ఈ ఊళ్లో ఉద్యోగం, బడి, బజారు అన్నీ చూసుకున్నా చాలా కుటుంబాలకు నెలకు ఐదారు వందల కిలోమీటర్లు మించవు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం గందరగోళం పోతుంది. ఉదాహరణకు మైలేజీ చూద్దాం. నెలకు 500 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 20 ఇచ్చే బండికి 25 లీటర్లు కావాలి. 16 ఇచ్చే బండికి 31 లీటర్ల చిల్లర కావాలి. లీటరు 107 రూపాయల లెక్కన తేడా నెలకు 670 రూపాయలు. మైలేజీ ఎక్కువని ఒక బండికి 60 వేలు ఎక్కువ పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి ఏడేళ్లకు పైగా పడుతుంది. కాబట్టి తక్కువ తిరిగేవాళ్లు మైలేజీ కన్నా బండి కండిషన్ చూడాలి.

డీజిల్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగేవాళ్లకు పాత డీజిల్ కారు వద్దు. ఇంజెక్టర్లు, టర్బో పాడైతే వచ్చే ఒక్క బిల్లు రెండు మూడేళ్ల ఇంధనం ఆదాను మింగేస్తుంది. మారుతి సంస్థ అయితే 2020 ఏప్రిల్‌లోనే డీజిల్ కార్లు ఆపేసింది.

బడ్జెట్ అంటే బండి ధర కాదు

చేతిలో రెండున్నర లక్షలుంటే రెండున్నర లక్షల బండి కొనకూడదు. రెండు లక్షల పది వేల దగ్గర ఆగాలి. మిగతా నలభై వేలు మొదటి రెండు నెలల్లో బండే అడిగి తీసుకుంటుంది. సుమారు లెక్క ఇలా ఉంటుంది: ఇన్సూరెన్స్‌కు 8 నుంచి 12 వేలు, పేరు మార్పిడి ఖర్చులకు మూడు వేలు, అరిగిపోయి ఉంటే నాలుగు టైర్లకు 12 నుంచి 14 వేలు, బ్యాటరీకి నాలుగు వేలు, ఆయిలు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లకు ఐదారు వేలు. ఇవన్నీ ఒకేసారి రాకపోవచ్చు. రాకపోతే ఆ డబ్బు మీదే. వస్తే మాత్రం అప్పు చేయాల్సిన పని ఉండదు.

అప్పు తీసుకునే కొనాల్సి వస్తే ఒక మాట గుర్తుంచుకోండి. పాత కార్లకు ఇచ్చే అప్పు మీద వడ్డీ కొత్త కార్ల అప్పు కన్నా ఎక్కువ. నెల కిస్తీ ఎంత అని కాకుండా, అప్పు తీరేలోగా మొత్తం ఎంత కడతాం అని అడగండి. ఆ మొత్తం చూశాక కూడా సరే అనిపిస్తేనే సంతకం పెట్టండి.

కొత్త కారు ధర తెలియకుండా పాతది బేరమాడొద్దు

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోల్ కార్లకు అంతకుముందు 28 శాతం జీఎస్టీ, పైన సెస్సు ఉండేవి. ఇప్పుడు మొత్తం 18 శాతమే. దాంతో ఆల్టో కె10 మొదటి వేరియంట్ షోరూమ్ ధర మూడు లక్షల డెబ్బై వేల దగ్గరికి దిగింది. లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలిపి నాలుగున్నర లక్షల దరిదాపుల్లో కొత్త బండి రోడ్డెక్కే వీలు కలిగింది.

ఇది మీకెందుకు? అమ్మేవాడు తను కొన్నప్పటి ధరను గుర్తుపెట్టుకుని అడుగుతాడు. మూడేళ్ల కిందట ఐదు లక్షలు పెట్టాను, మూడున్నరకు ఇస్తున్నాను అంటాడు. అతను చెప్పేది నిజమే కావచ్చు. కానీ కొనేవాడు పోల్చుకోవాల్సింది అతని పాత ఖర్చుతో కాదు, ఈరోజు షోరూమ్ ధరతో. బండి చూడ్డానికి వెళ్లేముందు ఆ మోడల్ కొత్తది, లేదా దానికి సాటి వచ్చే కొత్త కారు ఆన్ రోడ్ ధర తెలుసుకుని జేబులో పెట్టుకెళ్లండి. పాతదానికీ కొత్తదానికీ తేడా లక్ష దాటకపోతే ఆ పాత బండి వద్దు.

ఏ బండి, ఏ సంవత్సరం?

చిన్న బడ్జెట్‌లో మన ఊళ్లో ఎక్కువగా దొరికేవి మారుతి ఆల్టో, వ్యాగన్ఆర్, సెలేరియో, హ్యుందాయ్ శాంత్రో, ఐ10, ఇయాన్, టాటా టియాగో, రెనో క్విడ్. ఇవన్నీ ఆటోనగర్‌లో ఏ మెకానిక్ అయినా చేయి పెట్టగల బండ్లే. చేయి పెట్టగల మెకానిక్, దొరికే స్పేర్ పార్ట్ ఈ రెండూ ఉన్న బండే బీదవాడి బండి. షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడి తయారీ నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. ఆ బండ్లు చెడ్డవని కాదు. ధర ఆకర్షణగా కనిపిస్తుంది కానీ, చిన్న భాగం కోసం హైదరాబాద్‌కు ఫోన్లు చేస్తూ వారాలు గడపాల్సి రావచ్చు. తిరిగి అమ్మేటప్పుడు కొనేవాళ్లూ తక్కువే ఉంటారు.

సంవత్సరం విషయంలో 2019ని గుర్తుంచుకోండి. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి అన్ని కార్లకూ ఏబీఎస్ బ్రేకులు, జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ 2022 జనవరి నుంచి అన్ని కొత్త కార్లలో వచ్చింది. అంతకుముందు చాలా చిన్న కార్లలో ఇవి పై వేరియంట్లలోనే ఉండేవి. కాబట్టి అదే ధరకు 2017 నాటి పెద్ద కారు, 2019 చివరి చిన్న కారు రెండూ వస్తుంటే చిన్నదే తీసుకోండి. వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలు. కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో 2020లో టియాగోకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. అదే ఏడాది మారుతి ఎస్-ప్రెసోకు ఒక్కటీ రాలేదు. ఇలాంటి సంగతులు మ్యూజిక్ సిస్టమ్ కన్నా, అలాయ్ వీల్స్ కన్నా ముఖ్యం.

నంబర్ ప్లేటు దగ్గరే సగం తెలుస్తుంది

మన జిల్లా పాత నంబరు ఏపీ 36. ఆ ప్లేటు ఉన్న బండి 2014 జూన్‌కు ముందుది. కారు ఆర్సీ పదిహేనేళ్లు చెల్లుతుంది. అంటే ఏపీ 36 బండి ఏదైనా 2029 జూన్ లోపు గడువు తీరేదే. గడువు తీరాక ఫిట్‌నెస్ చూపించి, ఫీజు కట్టి, గ్రీన్ టాక్స్ చెల్లించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఆ ఖర్చును, తిరుగుడును ధరలోంచి ముందే తీసేయాలి. టీఎస్ నంబర్లు 2014 జూన్ నుంచి 2024 మార్చి దాకా ఇచ్చారు, ఆ తర్వాత వచ్చినవి టీజీ. టీఎస్ 03 హనుమకొండది, టీఎస్ 24 ఇప్పటి వరంగల్ జిల్లాది. టీఎస్ 07 నుంచి 15 దాకా హైదరాబాద్, దాని చుట్టుపక్కలవి.

వేరే రాష్ట్రం నంబరున్న బండి చవగ్గా కనిపిస్తే జాగ్రత్త. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద ఆంక్షల వల్ల అక్కడి కార్లు తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు వస్తుంటాయి. వాటిని మన దగ్గర తిప్పాలంటే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్వోసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఇవన్నీ అమ్మేవాడే పూర్తి చేసి, టీజీ నంబరుతో చేతికిస్తే ఆలోచించండి. ‘మీరే చేయించుకోండి, చాలా తేలిక’ అంటే వద్దు.

నీళ్లలో మునిగిన బండి

ఇది మన ప్రాంతంలో కొనేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సిన సంగతి. 2023 జూలై చివర్లో కురిసిన వానలకు నయీంనగర్ నాలా పొంగింది, హంటర్ రోడ్డు చుట్టుపక్కల కాలనీలు మునిగాయి, భూపాలపల్లి దగ్గర మోరంచవాగు ఒక ఊరినే ముంచింది. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానకు హనుమకొండ, వరంగల్ మళ్లీ నీళ్లలో నిలిచాయి. 2020 అక్టోబర్లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్ మొదట్లో ఖమ్మం మున్నేరు, విజయవాడ బుడమేరు వరదలు చూశాం. ఈ ఊళ్లన్నీ మనకు కొన్ని గంటల దూరంలోనే ఉన్నాయి. అక్కడ మునిగిన బండ్లు అన్నీ తుక్కుకు పోవు. కొన్నిటిని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి మార్కెట్లో పెడతారు.

నీళ్లు ఇంజన్లోకి వెళ్లాక సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. అది బాగు చేయించవచ్చు. వైరింగ్ సంగతి అలా కాదు. తీగల కనెక్టర్ల లోపల తుప్పు మెల్లమెల్లగా పాకుతుంది. ఆర్నెల్లకు ఒక రోజు పవర్ విండో పనిచేయదు, ఇంకో రోజు ఏసీ ఆగుతుంది, మరో రోజు నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోతుంది. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తుందో లేదో ప్రమాదం జరిగేదాకా తెలియదు.

పట్టుకోవడానికి మార్గాలున్నాయి. అన్ని అద్దాలూ మూసి, పది నిమిషాలు బండిని ఎండలో ఉంచి తలుపు తీసి వాసన చూడండి. ముక్కిపోయిన వాసన వస్తే, లేదా దాన్ని కప్పేలా సెంటు గుప్పించి ఉంటే అనుమానించండి. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, లోపలి భాగంలో మట్టి మరక ఉందేమో చూడండి. సీట్ల కింద పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయా చూడండి. కార్పెట్ అంచు ఎత్తి వేళ్లతో తడమండి. స్టెప్నీ తీసి ఆ గుంతలో బురద చారలున్నాయేమో చూడండి. హెడ్‌లైట్ల లోపల నీటి మరక, డ్యాష్‌బోర్డు కింద వైర్ల మీద సన్నని ఎండు మట్టి పొర, ఫ్యూజ్ బాక్సులో పచ్చగా మారిన పిన్నులు ఇవన్నీ సాక్ష్యాలే. చివరగా, పాత ఇన్సూరెన్స్ పాలసీ కాగితంలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. ఐదారేళ్ల బండికి బోనస్ సున్నా ఉంటే ఏదో పెద్ద క్లెయిమ్ జరిగి ఉండవచ్చు, ఏమిటని అడగండి. మునిగిన బండి అని తేలితే ధర సగానికి తగ్గించినా వద్దు.

చల్లగా ఉన్న బండిని, పగటి వెలుతురులో

మన పెద్దలు అంగడికి వెళ్లి ఎడ్లను కొనేటప్పుడు పళ్లు చూసేవాళ్లు, గిట్టలు చూసేవాళ్లు, నడిపించి, కాడి కట్టి చూసి గానీ మాట ఇచ్చేవాళ్లు కాదు. కారుకూ అంతే ఓపిక కావాలి.

పొద్దున్నే వెళ్లండి. ‘స్టార్ట్ చేయకుండా ఉంచండి’ అని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. అప్పటికే వేడిగా ఉంటే చల్లగా స్టార్ట్ కాని జబ్బును దాచారేమో ఆలోచించండి. స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిలు తాగుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి పోతోంది. ఆయిల్ మూత లోపలి వైపు పాలమీగడలాంటి జిడ్డు ఉంటే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. బండి నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నుతోందా అని మెకానిక్ చూస్తాడు. దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. అది ఉంటే ఇంజన్ పని దగ్గర్లోనే ఉందని అర్థం.

బాడీని ఎండలోనే చూడాలి. సాయంత్రం వేళ, వానకు తడిసినప్పుడు, అప్పుడే వాష్ చేసి మెరుస్తున్నప్పుడు రంగు తేడాలు కనిపించవు. బానెట్, తలుపుల బోల్టుల మీద రంగు చెదిరి ఉంటే అవి ఒకసారి విప్పినవే. టచప్ ఉంటే భయపడక్కర్లేదు, ఊళ్లో తిరిగే బండికి గీతలు పడతాయి. పిల్లర్లు, ముందు అప్రాన్లు, పైకప్పు మీద వెల్డింగ్ ఉంటే మాత్రం వద్దు. అన్ని అద్దాల మీద ఉన్న తయారీ సంవత్సరం ఒక్కటేనా చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. టైరుకు అరుగుదల లేకపోయినా ఆరేళ్లు దాటితే మార్చాల్సిందే.

మెకానిక్‌ను మీరే తీసుకెళ్లండి. ఎన్ని బండ్లు చూస్తే అన్నిటికీ అతని సమయానికి డబ్బు ముందే ఇచ్చి, ‘కొన్నా కొనకపోయినా ఇది నీది, అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కమీషన్ తీసుకోవద్దన్నా’ అని స్పష్టంగా చెప్పండి. ఐదారు వందలు ఇలా ఖర్చుపెట్టి యాభై వేల నష్టం తప్పించుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు.

మీటరు కన్నా పుస్తకం నిజం

కిలోమీటర్ల రీడింగు వెనక్కి తిప్పడం ఎంతమాత్రం కష్టం కాదు. అందుకే మీటరు ఒక్కదాన్నే నమ్మవద్దు. కంపెనీ సర్వీస్ సెంటర్లో నంబరు చెప్పి, యజమాని సమక్షంలో సర్వీసు చరిత్ర అడగండి. ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అందులో ఉంటుంది. 35 వేలు తిరిగిందన్న బండి స్టీరింగ్ నున్నగా అరిగి, క్లచ్ పెడల్ రబ్బరు పోయి, డ్రైవర్ సీటు కుంగిపోయి ఉంటే లెక్క సరిపోనట్టే. ఎనభై వేలు తిరిగి, క్రమం తప్పకుండా సర్వీసు జరిగిన బండి, లెక్క తెలియని ముప్పై వేల బండి కన్నా మేలు.

రోడ్డు మీద అరగంట

కాలనీలో ఒక రౌండు వేసి దిగిపోవద్దు. హనుమకొండ చౌరస్తా రద్దీలో నడపండి, క్లచ్, మొదటి గేరు సంగతి తెలుస్తుంది. కాజీపేట బ్రిడ్జి ఎక్కుతూ ఆగి మళ్లీ కదిలించండి, పికప్, హ్యాండ్ బ్రేక్ తెలుస్తాయి. ఆటోమేటిక్ గేరు బండి అయితే ఈ పరీక్ష తప్పకుండా చేయండి. ఖిలా వరంగల్ రాతి ద్వారాల వైపు ఇరుకు దారిలో స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పి మలుపు తీసుకోండి, టకటకమని చప్పుడొస్తే యాక్సిల్ జాయింట్లు అరిగాయి. ములుగు రోడ్డులో ఖాళీ చూసుకుని అరవై, డెబ్బై వేగంలో బ్రేకు వేయండి, బండి ఒక పక్కకు లాగకూడదు. దారంతా ఏసీ వేసే ఉంచండి. మన దగ్గర ఎండాకాలం 43, 44 డిగ్రీలు చూస్తాం. డిసెంబరులో చల్లగా అనిపించే ఏసీ మే నెలలో చేతులెత్తేయవచ్చు, కాబట్టి ఆగి ఉన్నప్పుడు కూడా చల్లగాలి వస్తోందా, ఇంజన్ వేడి ముల్లు పైకి పోతోందా గమనించండి.

బేరం, బయానా

దసరా ముందు అందరూ బండ్లు కొంటారు, పూజ చేయించాలని తొందర పడతారు. ధర అప్పుడు గట్టిగా ఉంటుంది. ఆషాఢంలో కొనేవాళ్లు తక్కువ, అమ్మేవాళ్లు మెత్తబడతారు. డిసెంబరు చివర్లో కూడా, సంవత్సరం మారితే బండి వయసు ఒకటి పెరుగుతుందని, అమ్మేవాళ్లకు తొందరగా ఉంటుంది. పండుగ నాటికి ఇంట్లో కారు ఉండాలన్న ముచ్చటను ఒక నెల వాయిదా వేసుకోగలిగితే పది, పదిహేను వేలు మిగిలే అవకాశం ఉంటుంది.

బేరం మాటలతో కాదు, కాగితంతో ఆడండి. టైర్లు రెండు మార్చాలి, ఇంత. ముందు షాకప్స్ చప్పుడు, ఇంత. ఇన్సూరెన్స్ వచ్చే నెల అయిపోతుంది, ఇంత. మెకానిక్ చెప్పిన అంకెలు రాసి, కూడి, ఆ మొత్తాన్ని అడిగిన ధరలోంచి తీసేయమనండి. బండిని తిట్టవద్దు, అమ్మేవాణ్ని నొప్పించవద్దు. అతనికీ ఆ బండి మీద మమకారం ఉంటుంది. మర్యాదగా అడిగినవాడికే ఎక్కువ తగ్గుతుంది.

అన్నీ చూశాకే బయానా ఇవ్వండి. ‘ఇంకొకరు వస్తున్నారు, ఇప్పుడే వెయ్యి ఇచ్చి ఖాయం చేసుకోండి’ అన్న మాటకు లొంగి, ఆ వెయ్యి పోతుందన్న బాధతో రెండు లక్షల తప్పుడు బండిని తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. బయానా చిన్న మొత్తమే ఉండాలి, ఫోన్ పే ద్వారానో బ్యాంకు ద్వారానో ఇవ్వాలి, కాగితాలు సరిగా లేకపోతే వాపసు అని రాయించుకోవాలి.

కాగితాలు పూర్తయ్యేదాకా బండి మీది కాదు

ఆర్సీలోని చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో ఒక్కో అంకె పోల్చండి. ఆర్సీ మీద ఏదైనా బ్యాంకు లేదా ఫైనాన్స్ పేరుంటే అప్పు తీరినట్టు వాళ్ల ఎన్వోసీ, ఫారం 35 కావాలి. ‘అప్పు తీరిపోయింది, పేరు తీయించలేదంతే’ అంటే, తీయించాకే డబ్బు అని చెప్పండి. పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్లో బండి నంబరు కొట్టి చలాన్లు చూడండి, అవి అమ్మేవాడే కట్టాలి. గ్యాస్ కిట్ ఉంటే అది ఆర్సీలో ఎక్కి ఉండాలి.

యజమాని ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టాక మీ పని మొదలవుతుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలపాలి. స్లాట్ బుక్ చేసుకుని వెళ్లి పూర్తి చేయండి. తేదీ లేని సంతకాలతో ఫారాలు పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగేవాళ్లున్నారు, ఆ దారి వద్దు. చేతులు మారిన ఒక కారు ప్రమాదంపై 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. బండి ఎవరి దగ్గరున్నా ఆర్సీలో పేరున్నవాడే యజమాని, పరిహారం బాధ్యత అతనిదే. అందుకే నిజాయితీగల అమ్మకందారు తనే తొందరపెట్టి పేరు మార్పిస్తాడు. మీ పాత బండి అమ్మేటప్పుడు మీరూ అదే చేయండి.

ఇన్సూరెన్స్‌ను చాలామంది మరిచిపోతారు. థర్డ్ పార్టీ రక్షణ బండితోపాటే మీకు వస్తుంది. మీ బండికి జరిగే నష్టం మాత్రం పాలసీ మీ పేరు మీదికి మారితేనే అందుతుంది. దానికి 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు, కాబట్టి పాత యజమాని తగ్గింపు మీకు రాదు. వెయ్యి సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 2,094 రూపాయలు, పైన జీఎస్టీ. అది చట్టం అడిగే కనీసం. మన ఊరి వానలు గుర్తుంచుకుని, వరద నష్టం కూడా వచ్చే పూర్తి పాలసీ తీసుకోండి.

డీలర్ దగ్గర కొంటుంటే, 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు ఆర్టీఏ అధికార పత్రం ఉండాలన్న నిబంధన వచ్చింది, అది చూపించమనండి. బండి తీసుకునే రోజు తేదీతోపాటు సమయం కూడా రాసిన డెలివరీ నోటు మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. పేరు మారేదాకా చట్టం ముందు బాధ్యత ఆర్సీలో పేరున్నవాడిదే అయినా, అంతకు ముందు చలాన్లు, ప్రమాదాలు అతనివి, ఆ తర్వాతవి మీవి అని మీ ఇద్దరి మధ్య రుజువు ఉంటుంది. రెండో తాళం చెవి అడిగి తీసుకోండి.

‘వద్దు’ అనాల్సిన ఏడు చోట్లు

1. ఆర్సీలో పేరున్న మనిషి ఎదుటికి రాకపోతే.
2. చాసిస్ నంబరు సరిపోకపోయినా, చెరిపి కొట్టినట్టున్నా.
3. నీళ్లలో మునిగిన ఆనవాళ్లు కనిపిస్తే.
4. పిల్లర్లు, అప్రాన్లు, పైకప్పు మీద వెల్డింగ్ ఉంటే.
5. మీ మెకానిక్‌కు చూపించడానికి ఒప్పుకోకపోతే.
6. ఈరోజే తేల్చమని తొందరపెడితే.
7. మీ బడ్జెట్ గీత దాటితే, అది ఐదు వేలే అయినా.

ఈ ఏడింటినీ ఒక కాగితం మీద రాసి, బండి చూడ్డానికి వెళ్లే ప్రతిసారీ వెంట తీసుకెళ్లండి. ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి. మీరు మెత్తబడినప్పుడు ఆ కాగితం చూపించే బాధ్యత మీ జీవిత భాగస్వామికి అప్పగించండి. బంధువులు ఏమంటారో, పక్కింటివాళ్లు ఏ కారు కొన్నారో ఆ కాగితంలో లేదు, ఉండకూడదు.

ఈ వారం బండి చూడ్డానికి వెళ్లవద్దు. అవసరం రాయండి, బడ్జెట్ గీత గీయండి, ఆ మోడల్ కొత్త కారు ధర తెలుసుకోండి, నమ్మకమైన మెకానిక్‌తో మాట్లాడండి. వచ్చే వారం నుంచి చూడటం మొదలుపెట్టండి. కనీసం ఐదు బండ్లు చూడకుండా ఏ ఒక్కదానికీ ఔననకండి. మీ డబ్బు కష్టపడి సంపాదించింది. దాన్ని తొందరపడకుండా ఖర్చుపెట్టే హక్కు మీకుంది, ఆ హక్కును వాడుకోండి.